మణికట్టుకో లెక్కుంది!

చెప్పుల దుకాణంలోకి అడుగుపెట్టగానే కుర్రాడు అడిగే మొదటి ప్రశ్న... ‘సైజెంత సార్?’. చొక్కా కొంటే మెడ చుట్టూ టేపు పెడతారు. ఉంగరం చేయించుకుంటే కొలత రింగులన్నీ ఒక్కొక్కటిగా వేలికి తొడిగి చూస్తారు. ఏళ్ల తరబడి ఒంటిమీదే ఉండాలనుకుని కొనే చేతి గడియారానికి మాత్రం కొలత అడిగేవారే ఉండరు. అద్దాల బీరువాలో మెరిసిపోతున్నదాన్ని చూస్తాం, ధర అడుగుతాం, పెట్టె కట్టించుకుని ఇంటికొస్తాం. సన్నగా, ఓ మాదిరిగా ఉన్న చేతులవాళ్లకు అలాగే జరిగిపోతుంది. చిక్కంతా ఆజానుబాహులకే!

బెల్టు ఆఖరి రంధ్రం దాకా లాగినా ఊపిరాడనట్టే ఉంటుంది. చైను అయితే చాలనే చాలదు. ‘మీ చేతికి ఇది బొత్తిగా చిన్నదైపోయింది సార్, పెద్దది చూడండి’ అంటూ సేల్స్‌మ్యాన్ పళ్లెమంత వాచీ తీసి ఇస్తాడు. నిజమే కాబోలనుకుని కొంటే నాలుగు రోజులకే దాని బరువు, మందం విసిగిస్తాయి. చివరికి అది బీరువాలో పట్టుచీరల పక్కన పడుకుంటుంది. వేలకు వేలు పోసి కొన్న వస్తువు ఇలా మూలపడితే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది కదా!

కొండంత దేవుడికి కొండంత పత్రి పెట్టగలమా అంటారు పెద్దలు. వాచీల విషయంలో అది అక్షరాలా నిజం. పెద్ద చేతికి పెద్ద డయలే ఉండాలన్నది సగం నిజమే. మిగతా సగం ఎక్కడుందో తెలియాలంటే ఇంట్లో ఉన్న టేపు, స్కేలు, పిల్లల జామెట్రీ బాక్సు ఉంటే చాలు.

పెద్ద చెయ్యంటే ఎంత?

ముందు మన చెయ్యి ఎంతో తెలుసుకోవాలి. చిటికెనవేలి వైపు మణికట్టు మీద ఓ ఎముక పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. వాచీ ఉండాల్సింది దానికి కాస్త వెనక, మోచేతి వైపు. అక్కడ కుట్టుపని టేపును చుట్టి చూడండి. టేపు లేకపోతే దారమో, సన్నటి కాగితం ముక్కో చుట్టి గుర్తుపెట్టుకుని స్కేలు మీద కొలవచ్చు. బిగించి లాగొద్దు, వేలాడేలా వదలొద్దు. కొలత సాయంత్రం తీసుకుంటే ఇంకా మంచిది. ఎందుకంటే పొద్దుటికీ సాయంత్రానికీ మణికట్టు చుట్టుకొలతలో కొద్దిగా తేడా వస్తుంది. ఎండాకాలంలో, ఎక్కువ దూరం నడిచినప్పుడు చేతులు ఉబ్బినట్టు ఉండటం చాలామందికి అనుభవమే.

మగవాళ్లలో 16 నుంచి 18 సెంటీమీటర్ల దాకా ఉంటే మామూలు చెయ్యి కిందే లెక్క. 19 దాటితే పెద్ద చెయ్యి. 20, 21 సెంటీమీటర్లు ఉన్నవాళ్లకు దుకాణాల్లోని మామూలు బెల్టులు ఇబ్బంది పెట్టడం మొదలవుతుంది. అమ్మకందారులు సాధారణంగా చెప్పే లెక్క ఒకటుంది. 16 సెంటీమీటర్ల లోపు చేతికి 34 నుంచి 38 మిల్లీమీటర్ల డయలు, 16 నుంచి 18.5 వరకూ 38 నుంచి 42, ఆపైన 42 నుంచి 46. బజారుకు వెళ్లేముందు ఓ అంచనాకి ఈ లెక్క పనికొస్తుంది. కాకపోతే దీన్నే వేదవాక్కుగా పట్టుకుంటే దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

కారణం ఏమిటంటే... 20 సెంటీమీటర్ల చేతులు రెండు ఒకేలా ఉండాలనేం లేదు. ఒకరిది పీటలా పైన చదునుగా, వెడల్పుగా ఉంటుంది. మరొకరిది రోకలిలా గుండ్రంగా ఉంటుంది. చుట్టుకొలత ఒకటే అయినా వాచీ కూర్చునే చోటు ఇద్దరికీ ఒకటి కాదు. అందుకే రెండో కొలత కూడా తీసుకోవాలి. మణికట్టు మీద అడ్డంగా స్కేలు పెట్టి, చదునుగా ఉన్న భాగం ఎన్ని మిల్లీమీటర్లుందో రాసుకోండి. వాచీ కొనేటప్పుడు చుట్టుకొలత కన్నా ఎక్కువగా పనికొచ్చేది ఈ అంకే!

అసలు కొలత కొమ్ముల్లో ఉంది

వాచీ పెట్టె మీద 42 మి.మీ. అని ఉంటే అది పక్కనున్న కీ గుండీని వదిలేసి కేసు వెడల్పు. కానీ చేతి మీద వాచీ ఆక్రమించేది ఆ వెడల్పు మేరకే కాదు. బెల్టు తగిలించడానికి పైనా కిందా రెండేసి కొమ్ములుంటాయి. లగ్స్ అంటారు వాటిని. పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా ఉన్న పొడవే వాచీ అసలు సైజు.

ఉదాహరణకు సీకో కంపెనీ ఎస్‌కేఎక్స్ 007 అనే డైవింగ్ వాచీని 2019 దాకా తయారుచేసింది. దాని వెడల్పు 42.5 మి.మీ. కొమ్ము నుంచి కొమ్ముకి 46. కేసియో జీ షాక్‌లో బాగా పేరున్న చదరపు మోడల్ డీడబ్ల్యూ 5600 వెడల్పు 42.8 మి.మీ. అంటే రెండూ దాదాపు ఒకటే. నిలువు పొడవు మాత్రం దీనిది 48.9. పెట్టె మీది అంకె ఒకేలా ఉన్నా చేతి మీద దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడా. మూడు మిల్లీమీటర్లేగా అనుకోవద్దు, చెయ్యి అంచు దాటి గాల్లో నిలబడటానికీ చేతిని అంటిపెట్టుకుని ఉండటానికీ మధ్య ఉన్న తేడా అంతే!

కొమ్ముల పొడవు మన చదును కొలతను దాటకూడదు. ఇది అందరికీ వర్తించే సూత్రం. పెద్ద చేతులవాళ్లకు మాత్రం ఇంకో అంచు కూడా ఉంది. ఆ పొడవు చదును భాగంలో సుమారు ముప్పావు వంతు ఉంటే కంటికి నిండుగా కనిపిస్తుంది. 62 మిల్లీమీటర్ల చదును ఉన్న చేతికి 46, 48 పొడవున్న వాచీ హాయిగా సరిపోతుంది. అది 40 మి.మీ. డయలైనా సరే, 44 అయినా సరే.

తర్వాత చూడాల్సింది మందం. బోర్డు మీద ఎవరూ రాయరు కానీ రోజూ ఇబ్బంది పెట్టేది ఇదే. 15 మిల్లీమీటర్ల మందమున్న వాచీ చొక్కా మణికట్టులోకి దూరదు. తలుపు గడియకు తగులుతుంది. బండి హ్యాండిల్ పట్టుకుని చెయ్యి వెనక్కి వంచితే కీ గుండీ అరచేతి వెనక గుచ్చుకుంటుంది. డయలు పెరిగేకొద్దీ ఈ గుండీ కూడా చేతి మీదకు జరుగుతుంది కాబట్టి పెద్ద వాచీలు కొనేవాళ్లు దుకాణంలోనే చేతిని వెనక్కి వంచి చూసుకోవడం మంచిది. కొన్ని డైవింగ్ వాచీల్లో గుండీని మూడు అంకె దగ్గర కాకుండా నాలుగు దగ్గర పెడతారు. చేతికి గుచ్చుకోకుండా ఉండేందుకు అది బాగా ఉపయోగపడుతుంది.

బరువు సంగతీ మర్చిపోవద్దు. పెద్ద డయలు, పెద్ద చైను రెండూ స్టీలువైతే సాయంత్రానికి చెయ్యి లాగుతుంది. అదే సైజులో టైటానియం వాచీ ఉంటే చూడండి. స్టీలుకన్నా ఆ లోహం నలభై శాతం దాకా తేలిక.

కంటికి కనికట్టు!

రెండు వాచీలు ఒకే కొలతలో ఉన్నా ఒకటి పెద్దగా, ఇంకోటి చిన్నగా కనిపిస్తుంది. తెల్ల డయలు పెద్దగా, నల్లది చిన్నగా అనిపిస్తాయి. డయలు చుట్టూ ఉండే అంచు సన్నగా ఉంటే వాచీ విశాలంగా కనబడుతుంది. అంచు వెడల్పుగా ఉంటే డయలు లోపలికి కుంచించుకుపోయినట్టుంటుంది. చదరపు వాచీల లెక్కే వేరు. 36 మిల్లీమీటర్ల చదరం అదే కొలతున్న వృత్తం కన్నా 27 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి పెద్ద మణికట్టు ఉండి, బరువైన వాచీలంటే గిట్టనివాళ్లు తెల్ల డయలు, సన్నటి అంచు ఉన్న పల్చటి వాచీ ఎంచుకుంటే డయలు సైజు పెంచకుండానే చెయ్యి నిండుగా ఉంటుంది.

అంకెల్లోనూ ఓ మాయ ఉంది. 36కీ 42కీ తేడా ఆరే కదా అనిపిస్తుంది. వైశాల్యంలో చూస్తే 42 మిల్లీమీటర్ల వాచీ 36 దానికన్నా 36 శాతం పెద్దది! నమ్మకం కుదరకపోతే పిల్లల వృత్తలేఖిని తీసుకుని ఒకటి 18, ఇంకోటి 21 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో అట్ట మీద గీయండి. కత్తిరించి చేతి మీద పెట్టుకుని నిలువుటద్దం ముందు నిలబడండి. వాచీని తల వంచి దగ్గర నుంచి చూసేది మనం. ఎదుటివాళ్లు చూసేది నాలుగడుగుల దూరం నుంచి. అద్దంలో కనిపించేదే అసలు సైజు. సెల్‌ఫోన్‌తో దగ్గర నుంచి ఫొటో తీసి నిర్ణయించుకుంటే మాత్రం మోసపోతారు. దగ్గరున్న వస్తువును కెమెరా ఉన్నదానికన్నా పెద్దదిగా చూపిస్తుంది.

తాతల చేతికి చిన్నదే!

పెద్ద చేతికి చిన్న వాచీ నప్పదనే మాట ఎప్పట్నుంచి వచ్చింది? పాత పెళ్లి ఫొటో ఆల్బమ్ తిరగేయండి. నాగలి పట్టిన చేతులకు, గోదాంలో బస్తాలు మోసిన చేతులకు ఉన్నవి చిన్న వాచీలే. 1950ల నుంచి 70ల దాకా మగవాళ్ల వాచీలు చాలావరకూ 33 నుంచి 36 మిల్లీమీటర్లలోపే ఉండేవి. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో గడియారాల తయారీ మొదలుపెట్టిన హెచ్ఎంటీ ఇంటింటికీ పరిచయం చేసిన ‘జనతా’ మోడల్ కూడా దాదాపు 35 మిల్లీమీటర్లదే. ‘ఇంత మనిషికి ఇంత చిన్న వాచీయా’ అని అప్పట్లో ఎవరూ వింతగా చూడలేదు.

వాచీ చేతికొచ్చిన కొత్తలో అది అవసరాన్ని బట్టి పెరిగింది, తగ్గింది. విమానం నడుపుతూ జేబు గడియారం తీసి చూడటం కష్టంగా ఉందని బ్రెజిల్ వైమానికుడు అల్బెర్టో శాంటోస్ డ్యుమాంట్ చెప్పడంతో ఆయన మిత్రుడు లూయీ కార్టియర్ 1904లో చేతికి కట్టుకునే వాచీ చేసిచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లోని సైనికులకు జేబు తడుముకునే తీరిక ఉండేది కాదు, దాంతో చేతి గడియారం మగవాళ్లలో బాగా వ్యాపించింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ విమానాల్లో దారి లెక్కలు చూసేవాళ్లకు ఇచ్చిన వాచీలు ఏకంగా 55 మిల్లీమీటర్లు! వాటిని మందపాటి తోలు కోటు చెయ్యి మీద కట్టుకునేవాళ్లు. ఇటలీ నౌకాదళ ఈతగాళ్ల కోసం పానెరాయ్ సంస్థ అందించినవి 47 మిల్లీమీటర్లు. నీళ్లలో చీకట్లో కనబడాలి కదా మరి.

అవి పనిముట్లు. వాటినే అలంకారంగా మార్చింది 1990లు. హాలీవుడ్ నటుడు సిల్వెస్టర్ స్టాలోన్ పానెరాయ్ వాచీలు పెట్టుకోవడంతో పెద్ద డయళ్ల మోజు మొదలైంది. 2000ల్లో అది పతాకస్థాయికి చేరింది. 44, 46, 48 అంటూ కంపెనీలు పోటీలు పడ్డాయి. తర్వాత గాలి మళ్లీ తిరిగింది. రోలెక్స్ తన ఎక్స్‌ప్లోరర్ వాచీని 1953 నుంచీ 36 మిల్లీమీటర్లలోనే చేసేది. 2010లో 39కి పెంచింది. 2021లో తిరిగి 36కి తెచ్చింది. 2023లో 40 సైజునూ జతచేసింది. సన్న చేతికొకటి, పెద్ద చేతికొకటి అన్నమాట! ఈ కథంతా చెప్పేది ఒక్కటే. సైజులు ఫ్యాషన్‌ను బట్టి పెరుగుతుంటాయి, తరుగుతుంటాయి. మన మణికట్టు మాత్రం అంతే ఉంటుంది. కొలత దాన్ని బట్టే తీసుకోవాలి.

ఇంకో మంచి మాట. సన్నటి చేతివాళ్లు 44 మిల్లీమీటర్ల వాచీ పెట్టుకుంటే కొమ్ములు చెయ్యి దాటిపోతాయి. పెద్ద చేతివాళ్లు 36 పెట్టుకోవచ్చు, 44 కూడా పెట్టుకోవచ్చు. ఎంచుకునే వెసులుబాటు ఎక్కువ ఉన్నది వీళ్లకే!

బెల్టు దగ్గరే అసలు తంటా

పెద్ద చేతులవాళ్లు ‘వాచీ సరిపోలేదు’ అని చెప్పే సందర్భాల్లో చాలాసార్లు తప్పు డయలుది కాదు, బెల్టుది. మామూలుగా దొరికే తోలు బెల్టులో బకిల్ ఉన్న ముక్క 75 మిల్లీమీటర్లు, రంధ్రాలున్న ముక్క 115 నుంచి 120 మిల్లీమీటర్లు ఉంటుంది. 20 సెంటీమీటర్లు దాటిన చేతికి ఇది ఆఖరి రంధ్రాల దగ్గరికి వస్తుంది. కొస లూపులోకి చేరదు, పైకి లేచి చొక్కాకి తగులుతుంటుంది. ఇలాంటివాళ్లు ‘లాంగ్’ సైజు బెల్టు అడగాలి. అందులో రంధ్రాల ముక్క 130 మిల్లీమీటర్లు దాటుతుంది. బకిల్ మధ్య రంధ్రాల్లో పడితే సరైన సైజు దొరికినట్టే. వేసవిలో చెయ్యి ఉబ్బితే ఓ రంధ్రం వదలడానికి, చలికాలంలో ఓ రంధ్రం బిగించడానికి వీలుంటుంది.

బెల్టు వెడల్పు కూడా ముఖ్యమే. డయలు వెడల్పులో సుమారు సగం ఉంటే చూడ్డానికి బాగుంటుంది. 40కి 20, 44కి 22. పెద్ద చేతి మీద సన్నటి బెల్టు దారం కట్టినట్టు కనిపిస్తుంది. అయితే కొమ్ముల మధ్య ఖాళీ ఎంతుంటే అంత బెల్టే పడుతుంది కాబట్టి కొనేముందే ఆ కొలత చూసుకోవాలి.

చైను వాచీ అయితే ఒకటే జాగ్రత్త. లింకులు తీయించుకోవడం తేలిక, కలుపుకోవడం కష్టం. చైను చాలడం లేదనిపిస్తే అదనపు లింకులు దొరుకుతాయో లేదో డబ్బు కట్టకముందే అడగండి. తర్వాత తెప్పిస్తామన్న మాట మీద కొనొద్దు. తీసిన లింకులేమైనా ఉంటే పారేయకుండా పెట్టెలోనే దాచుకోండి. వయసుతోపాటు ఒళ్లూ మారుతుంది మరి! రెండువైపులా సమానంగా తీస్తేనే లాక్ మణికట్టు అడుగున మధ్యలో కూర్చుంటుంది. బెల్టయినా చైనయినా పెట్టుకున్నాక కింద చిటికెనవేలు దూరేంత సందుండాలి. తీసినప్పుడు చర్మం మీద ఎర్రటి గాడి కనిపిస్తే బిగువు ఎక్కువైనట్టే. చెమట నిలిచి దురదలు, దద్దుర్లు వచ్చేది అలాంటప్పుడే.

స్మార్ట్‌వాచీలకు బిగువు ఇంకా ముఖ్యం. వదులుగా ఉంటే అడుగునున్న సెన్సర్ చర్మాన్ని తాకదు, గుండె వేగం లెక్క తప్పుతుంది. యాపిల్ వాచీ మీద రాసే 42, 46, 49 అంకెలు వెడల్పువి కావు, నిలువు ఎత్తువి. వాటిని గుండ్రటి వాచీ సైజులతో పోల్చి కొనకూడదు. వీటి బెల్టులు చిన్నా పెద్దా సైజుల్లో వేర్వేరుగా దొరుకుతాయి, ఏ సైజు ఎన్ని సెంటీమీటర్ల చేతికో పెట్టె మీదే ఉంటుంది.

పెద్ద మణికట్టున్న ఆడవాళ్ల బాధ మరోరకం. లేడీస్ కౌంటర్లో ఉన్నవన్నీ గాజు పూసల్లా ఉంటాయి. అలాంటివాళ్లు మొహమాటపడకుండా మగవాళ్ల వరసలో 34, 36 మిల్లీమీటర్లవి చూడొచ్చు. పాత హెచ్ఎంటీ మగవాళ్ల వాచీల సైజు అదే!

నాన్న వాచీ నాకు చిన్నదా?

చాలా ఇళ్లలో ఓ పాత వాచీ ఉంటుంది. నాన్నదో, తాతయ్యదో. హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయం తీసుకున్నాక ఆ వాచీలకు అభిమానం మరింత పెరిగింది. కీ ఇస్తే ఇప్పటికీ టిక్‌టిక్‌మంటుంది. కానీ కొడుకు చెయ్యి పెద్దది. ఓసారి పెట్టుకుని చూసి, చిన్నపిల్లల వాచీలా ఉందంటూ తిరిగి డబ్బాలో పెట్టేస్తాడు.

ఆ వాచీని బయటికి తీయండి. అది చిన్నగా కనబడటానికి కారణం చాలాసార్లు దానికున్న పాత సాగుడు చైను, లేదంటే కురచైపోయిన బెల్టు. వాటిని తీసేసి అదే కొలతలో, లాంగ్ సైజులో, కాస్త మందంగా ఉన్న తోలు బెల్టు వేయించండి. పాతవాటిలో చాలావాటికి 18 మిల్లీమీటర్ల బెల్టు పడుతుంది. ఇంకా నిండుగా కావాలంటే వాచీ కింద వెడల్పాటి తోలు పట్టా ఉండే బండ్ స్ట్రాప్ ఉంది. వాచీ ఆ పట్టా మీద కూర్చుంటుంది కాబట్టి ఎంత పెద్ద చేతికైనా నప్పుతుంది. మంచి మెకానిక్‌తో ఓసారి శుభ్రం చేయించి, నూనె వేయిస్తే చాలు. డయలుకు కొత్త రంగు మాత్రం వేయించొద్దు. ఆ మరకల్లోనే నాన్న గుర్తులుంటాయి.

పెళ్లికొడుక్కి వాచీ పెట్టే అత్తమామలకూ ఓ మాట. సూటు కొలతలకు అల్లుణ్ని టైలర్ దగ్గరికి ఎలాగూ తీసుకెళ్తారు. అదే టేపుతో మణికట్టు కొలత కూడా రాయించుకోండి. పీటల మీద పెట్టిన వాచీ పదహారు రోజుల పండక్కి కూడా చేతికి ఉంటుంది!

దుకాణంలో ఇవి చూడండి

* మణికట్టు చుట్టుకొలత, చదును భాగం కొలత... రెండూ రాసుకుని వెళ్లండి.
* కేసు వెడల్పుతోపాటు కొమ్ము నుంచి కొమ్ముకి పొడవు, మందం అడగండి. చెప్పలేకపోతే చిన్న స్కేలు పెట్టి మీరే కొలవండి.
* వాచీ పెట్టుకుని చేతిని వెనక్కి వంచండి, పిడికిలి బిగించండి, చొక్కా చెయ్యి కిందికి లాగండి. ఎక్కడా అడ్డురాకూడదు.
* పైనుంచి చూస్తే కొమ్ములు చెయ్యి అంచు దాటకూడదు. పక్కనుంచి చూస్తే బెల్టు కొమ్ముల దగ్గర నుంచి నేరుగా కిందికి దిగాలి, గాల్లోకి చాచుకుని ఉండకూడదు.
* ఐదు నిమిషాలైనా చేతికి ఉంచుకుని నిలువుటద్దంలో చూసుకోండి.
* లాంగ్ బెల్టు, అదనపు లింకులు దొరుకుతాయని తేలాకే డబ్బు కట్టండి.

మంచి వాచీ పెట్టుకున్న పది నిమిషాలకే చేతికి ఏదో ఉందన్న సంగతి మర్చిపోతాం. టైమ్ చూడాల్సి వచ్చినప్పుడే అది గుర్తుకురావాలి. సరిపోయిన సైజుకు అంతకన్నా గుర్తు లేదు!